కట్టలేనోడు, ఎగ్గొట్టేటోడు ఒకటి కాదు

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల దళిత కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

ఈరోజు మేం పన్ను బాకీ గురించి మాట్లాడదల్చుకున్నాం. భూమి సమస్య ఉంది, అంటరానితనం ఉంది, దాడులున్నాయి, అవన్నీ వదిలిపెట్టి ఇంటిపన్ను, నీటితీరువా సంగతి ఎందుకని కొందరికి అనిపించొచ్చు. పల్లెల్లో తిరిగితే ఎందుకో తెలుస్తుంది. బిల్లు కలెక్టరు వస్తున్నాడని తెలిస్తే తలుపేసుకుని చేనికి పోయే తల్లులున్నారు. నోటీసు చదవడం రాక, దాన్ని చూరులో దోపుకుని, రాత్రిళ్లు నిద్రపట్టక పొర్లే ముసలోళ్లున్నారు. బాకీ చూస్తే వెయ్యో రెండు వేలో ఉంటుంది. భయం మాత్రం ఇల్లు పోయేంత ఉంటుంది. ఆ భయమే మన మీద పెత్తనం చేసేటోనికి పెట్టుబడి. దాన్ని తీసేయడానికే ఈ మాటలు.

ముందు కొంచెం చరిత్ర చెప్పుకుందాం. మన సీమ చరిత్ర అంటేనే శిస్తు చరిత్ర.

1800లో నిజాం నవాబు ఈ సీమను కుంఫిణీ వాళ్లకు అప్పజెప్పినాడు. దత్తమండలాలకు పెద్ద కలెక్టరుగా థామస్ మన్రో వచ్చినాడు. 1807 దాకా ఉన్నాడు. భూమి కొలిపించి, రైతు రైతుకూ విడివిడిగా శిస్తు కట్టించే పద్ధతి పెట్టినాడు. సీమలో ఆయన్ను దేవుని మాదిరి చెప్పుకుంటారు. పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నోళ్లు కూడా ఉన్నారు. అటువంటి మన్రో 1807లో పైవాళ్లకు ఏం రాసినాడు? ఈ శిస్తు ఎక్కువ, పావు వంతు తగ్గించాలని రాసినాడు. పైవాళ్లు వినలేదు. తగ్గించకపోగా ఊళ్లకు ఊళ్లనే గుత్తకిచ్చినారు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చినాక గానీ ఆ పావు వంతు తగ్గలేదు.

దీంట్లో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, కట్టలేకపోతే తప్పంతా కట్టేటోనిది కాదు. వేసిన లెక్క కూడా తప్పు కావచ్చు. ఈ మాట శిస్తు వేసిన దొరే ఒప్పుకున్నాడు. రెండోది, తగ్గింపు వచ్చింది పట్టా ఉన్నోనికే. మాల మాదిగలకు పట్టాలు యాడియి? వెట్టి చేసినందుకు ఇచ్చిన తుంట మాన్యాలు కొన్ని, మిగిలిందంతా రెడ్డి చేలో కూలి. రెడ్డికి శిస్తు తగ్గినంత మాత్రాన కూలోనికి ఒక మానిక గింజలు ఎక్కువ కొలిచినారా? మాఫీ ఎప్పుడొచ్చినా ముందు అడగాల్సింది ఇదే. ఎవరి పేరు మీద వచ్చింది? మన పేరు అందులో ఉందా?

అప్పట్లో శిస్తు కట్టలేనోన్ని ఏం చేసేవాళ్లో కూడా తెలుసుకోవాలి. ఇది మనం కల్పించి చెప్పే కథ కాదు. మద్రాసు సర్కారే 1854లో విచారణ కమిషన్ వేసింది, 1855లో నివేదిక బయటికొచ్చింది. శిస్తు వసూలు కోసం మనుషుల్ని ఎండలో నిలబెట్టేవాళ్లు. మెడను కాళ్లకు తాడేసి కట్టి వంచి ఉంచేవాళ్లు. చేతివేళ్లను చెక్క కిట్టీలో పెట్టి బిగించేవాళ్లు. తిండికి పోనిచ్చేవాళ్లు కాదు. ఇదంతా జరుగుతున్నది నిజమేనని ఆ కమిషనే తేల్చింది. భూమున్న రైతుకే ఆ గతి పడితే, రైతు కింద బతికే మనోళ్ల గతి ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ నివేదిక వచ్చిన తొమ్మిదేళ్లకు, 1864లో, రెవెన్యూ రికవరీ చట్టం వచ్చింది. కిట్టీ పోయి కాగితం వచ్చింది. మొదట నోటీసు, తర్వాత సామాన్ల జప్తు, ఆ తర్వాత భూమి వేలం. మధ్యలో ఎన్ని సవరణలు జరిగినా ఈ రాష్ట్రంలో ఈనాటికీ అదే చట్టం నడుస్తున్నది. అది సర్కారు డబ్బు వసూలు కోసం పుట్టిన చట్టం. అయినా అందులో మనకు పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. అవతలోళ్లు వాటిని చదివి వినిపించరు. మనమే చదువుకోవాలి.

ఆ చట్టం 48వ సెక్షన్ చూడండి. బాకీదారుని జైల్లో పెట్టాలంటే బాకీ ఉన్నంత మాత్రాన చాలదు. ఆస్తి అమ్మినా బాకీ తీరకుండా ఉండాలి. ఆపైన, ఆ మనిషి డబ్బు పెట్టుకుని కావాలనే కట్టడం లేదనో, మోసం చేసి తప్పించుకుంటున్నాడనో కలెక్టరు నమ్మడానికి కారణం ఉండాలి. అంటే 1864 నాటి తెల్లదొరల చట్టం కూడా కట్టలేనోన్నీ ఎగ్గొట్టేటోన్నీ వేరు చేసింది. 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జి వర్గీస్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. అది పన్ను కేసు కాదు, బ్యాంకు అప్పు కేసు. జస్టిస్ కృష్ణయ్యర్ అందులో తేల్చిందేమంటే, దురుద్దేశం లేకుండా పేదరికం వల్ల కట్టలేని మనిషిని జైల్లో పెట్టడం రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధం. పేదరికం నేరం కాదు. ఊళ్లో ఎవరన్నా మీ పిల్లోనితో 'మీ నాయన్ను జైల్లో ఏయిస్తాం' అంటే ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకుని నిలబడండి.

బాబాసాహెబ్ ఈ శిస్తు సమస్యను చిన్నదిగా చూడలేదు. మహారాష్ట్రలో మహర్లకు మన వెట్టి మాన్యాల వంటి వతన్ భూములుండేవి. ఊరి చాకిరీ అంతా చేయించుకుని, ఆ భూముల మీద సర్కారు శిస్తు పెంచింది. 1939 డిసెంబరు 16న అహ్మద్‌నగర్ జిల్లా హరేగావ్‌లో అంబేద్కర్ అధ్యక్షతన మహర్లు, మాంగులు, వెట్టివాళ్లు సభ జరిపి ఆ పెంపును ఎదిరించినారు. ఒక్కొక్కడు పోయి కరణం కాళ్లు పట్టుకోలేదు. అందరూ ఒక్కచోట చేరి లెక్క అడిగినారు. మనకు దారి అదే.

ఇక ఇప్పటి సంగతికొద్దాం. మన పల్లెల్లో బాకీలు నాలుగు రకాలుగా ఉన్నాయి.

మొదటిది పంచాయతీ ఇంటిపన్ను. దీంట్లో ఒక తిరకాసు ఉంది, కార్యకర్తలు బాగా అర్థం చేసుకోవాలి. ఇంటిపన్ను రశీదు పట్టా కాదు. కానీ ఆ ఇంట్లో మనం ఎన్నేళ్ల నుంచి ఉంటున్నామో చెప్పే సాక్ష్యం. అందుకే పోరంబోకులో గుడిసె వేసుకున్నోళ్లు 'మాకు పన్ను వేయండయ్యా' అని తిరిగినా కొన్ని ఊళ్లలో వేయరు. పన్ను వేస్తే పేరు ఎక్కుతుంది, పేరు ఎక్కితే రేపు లేపడం కష్టం. చూడండి, ఒకచోట పన్ను కట్టలేదని బెదిరిస్తారు, ఇంకోచోట పన్ను కడతామన్నా రాసుకోరు. కాబట్టి పన్ను కట్టొద్దు అనేది మన నినాదం కాదు. మన పేరు రిజిస్టర్లో ఉండాలి, లెక్క సరిగ్గా ఉండాలి, కట్టగలిగిన తీరులో కట్టుకోనివ్వాలి. మన నినాదం ఇదీ.

రెండోది మునిసిపాలిటీ ఆస్తిపన్ను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ మునిసిపాలిటీలే. 2020లో చట్టం మార్చి, అద్దె విలువ లెక్క తీసేసి, 2021 ఏప్రిల్ నుంచి ఇంటి మూలధన విలువ మీద పన్ను పెట్టినారు. అదే మార్పులో 375 చదరపు అడుగుల లోపు నివాస గృహానికి ఏడాదికి 50 రూపాయలే పన్ను అని కూడా పెట్టినారు. 25 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న ఇల్లు సరిగ్గా 375 అడుగులు. మన వాడల్లో ఎన్ని ఇళ్లు అంతకన్నా పెద్దవి? టేపు తీసుకుని కొలవండి. చిన్న ఇంటికి పెద్ద బిల్లు వచ్చి ఉంటే అది మన బాకీ కాదు, వాళ్ల తప్పు. సవరించమని అర్జీ పెట్టాలి.

వడ్డీ సంగతి కూడా చూడండి. మునిసిపాలిటీ బాకీ మీద నెలకు నూటికి 2 రూపాయల వడ్డీ. వెయ్యి రూపాయల బాకీ అయిదేళ్లు ఉంటే, 60 నెలలకు వడ్డీ 1,200. అసలు కన్నా వడ్డీ పెద్దదాయె! 2025 మార్చిలో సర్కారు వడ్డీలో సగం మాఫీ అన్నది, నెలాఖరులోగా బాకీ మొత్తం కడితేనే అన్నది. అంటే మన లెక్కలో 600 పోయి 1,600 ఒక్కసారి చేతిలో ఉండాలి. ఒక్కసారి 1,600 తీసి కట్టగలిగినోడు అయిదేళ్లు ఎందుకు బాకీ పెట్టుకుంటాడు? డబ్బుండి కట్టనోనికి మాఫీ అందింది. డబ్బు లేక కట్టనోనికి అందలేదు. నాపరాళ్ల గనిలో రాయి మోసేటోడు ఆ సగం మాఫీ కోసం అయిదు రూపాయల వడ్డీకి అప్పు తేవాలా? ఇది మాఫీలో ఉన్న మోసం.

మూడోది నీటితీరువా. 1988 నీటి పన్ను చట్టం ప్రకారం సర్కారు నీరు అందిన భూమికే తీరువా. కేసీ కాలువను 1860లలో ఇంగ్లీషు కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. అది గిట్టక 1882లో సర్కారు కొనుక్కుంది. కంపెనీకే గిట్టని కాలువ, చివరి చేలో అరెకరం ఉన్న మాదిగోనికి గిట్టిందా అని ఎవరూ అడగలేదు. పై చేలకు నీరు పారుతుంది, చివరి చేను ఎండుతుంది, అడంగల్లో మాత్రం రెండింటికీ 'కాలువ' అనే రాస్తారు. బిల్లు వచ్చేది అడంగల్ రాతను బట్టి. కాబట్టి బిల్లు వచ్చినాక ఏడవడం కాదు, అజమాయిషీ జరిగేటప్పుడే చేనుకాడ నిలబడి ఏం రాస్తున్నారో చూడాలి. నీరు అందకపోతే అప్పుడే తహసీల్దారుకు అర్జీ పెట్టాలి. కౌలుకు చేసేటోళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. తీరువా మనతో కట్టించుకుని రశీదు పట్టాదారు పేరుతో తెచ్చుకుంటాడు. కట్టిన డబ్బుకు కౌలు కాగితంలో జమ రాయించుకోండి.

నాలుగోది పన్ను కాని సర్కారు బాకీ. ఇళ్ల అప్పు, ఎస్సీ కార్పొరేషన్ అప్పు వంటివి. 2021 డిసెంబరులో ఇళ్ల అప్పులకు ఒకేసారి కట్టి తీర్చుకునే పథకం పెట్టినారు. 1983 నుంచి 2011 దాకా కట్టిన ఇళ్లకు పల్లెలో 10,000, మునిసిపాలిటీలో 15,000, కార్పొరేషన్లో 20,000 కడితే రిజిస్ట్రేషన్ చేసిస్తామన్నారు. ఇష్టమున్నోళ్లే కట్టండి అని పైన చెప్పినారు. కింద ఏం జరిగింది? శ్రీకాకుళం జిల్లాలో కట్టనోళ్ల పింఛను ఆపుతామని కాగితం రాసిచ్చిన ఒక పంచాయతీ కార్యదర్శిని సస్పెండ్ చేయాల్సొచ్చింది. పైన 'ఇష్టం' అన్నది కిందికొచ్చేసరికి 'బలవంతం' అవుతుంది. కట్టాలా వద్దా అనేది మన లెక్క మనం చూసుకుని తేల్చుకోవాలి. పింఛను వేరు, బాకీ వేరు. ఒకదానికి ఇంకోటి ముడిపెట్టనియ్యకండి.

ఇప్పుడు చేయాల్సిన పనులు చెప్తాం. కార్యకర్తలు రాసుకోండి.

ఒకటి, నోటీసును దాచిపెట్టొద్దు. అందిన తారీఖు దాని వెనకాల రాసిపెట్టండి. దాంట్లో ఉన్న గడువులోగా జవాబు పోవాలి. గడువు దాటితే న్యాయమున్న మాట కూడా చెల్లదు.

రెండు, లెక్క అడగండి. ఏ ఏడుకు ఎంత, అసలెంత, వడ్డీ ఎంత, మనం కట్టింది ఎంత జమ చేసినారు? డిమాండు రిజిస్టరు నకలు కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నోళ్లు ఆ దరఖాస్తుకు ఫీజు కట్టనక్కర లేదు. బాకీల్లో కొంత బాకీయే కాదని తేలడం మామూలే. కట్టిన డబ్బు రశీదు లేకుండా పోయి ఉంటుంది, చచ్చిపోయినోని పేరు మీద, పడిపోయిన ఇంటి మీద పన్ను నడుస్తుంటుంది.

మూడు, రశీదు లేకుండా రూపాయి కూడా ఇయ్యొద్దు. 'రేపు తెచ్చిస్తాలే' అన్న రశీదు ఎప్పటికీ రాదు.

నాలుగు, మొత్తం కట్టలేకపోతే కట్టగలిగినంత కట్టి, మిగిలింది వాయిదాల్లో కడతామని రాసి ఇయ్యండి. నెలకు వంద అయితే వంద అనే రాయండి. కట్టలేని పెద్ద మాట రాయొద్దు. ఎందుకు కట్టలేకపోతున్నామో కూడా రాయండి. ఉపాధి పని ఎన్ని రోజులు దొరికింది, పంట ఎంత పోయింది, ఇంట్లో జబ్బు మనిషి ఎవరు. అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోండి. వాయిదాకు వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోయినా ఈ కాగితాలు మన చేతిలో ఉంటే 'డబ్బుండి కట్టలేదు' అనే మాట నిలవదు. 48వ సెక్షన్ మన మీద పనిచేయదు.

అయిదు, జప్తుకు వస్తే కొట్లాట పెట్టుకోవద్దు, తలుపు తీసి పారిపోనూ వద్దు. కాగితం చూపించమనండి. ఏం తీసుకుపోతున్నారో జాబితా రాయించి సంతకం అడగండి. ఊళ్లో నలుగుర్ని సాక్ష్యానికి నిలబెట్టండి. భూమి వేలం వేసినా కథ అయిపోదు. 30 రోజుల్లోగా బాకీ, ఖర్చులు, వేలం ధర మీద నూటికి 5 చొప్పున జమ చేస్తే వేలం రద్దు చేయమని అడగొచ్చు. వేలం పద్ధతి ప్రకారం జరగకపోతే, దానివల్ల మనం నష్టపోతే, దాని మీద కూడా 30 రోజుల్లోగానే అర్జీ పెట్టాలి.

ఆరు, ఇది అన్నిటికన్నా ముఖ్యం. మీ బాకీ ఇంకొకన్ని కట్టనియ్యకండి. 'ఒరే, నీ తీరువా నేను కడతాలే, ఆ రెండెకరాల కాగితం నా కాడ పెట్టు' అంటాడు ఊరి పెద్ద. ముందు కాగితం పోతుంది, తర్వాత చేను పోతుంది, చివరికి మన చేలో మనమే కూలికి పోతాం. సర్కారు బాకీకి గడువుంది, నోటీసుంది, అప్పీలుంది. పెద్దమనిషి బాకీకి ఏముంది? 1977 చట్టం ప్రకారం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని అట్ల రాయించుకుంటే చెల్లదు. 2023లో ఆ చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూమిని అమ్ముకునే హక్కు తెచ్చినారు. హక్కు మంచిదే. కానీ అమ్మే హక్కు వచ్చిన రోజే కొనేటోని కన్ను కూడా పడుతుంది, జాగ్రత్త. చీనీ తోటల పక్కన, బుడ్డశనగ చేల పక్కన మన తుంటలు ఎన్ని మిగిలినాయో లెక్క తీయండి. బలవంతంగా ఆక్రమించితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, వాడండి.

ఇంకొక సంగతి ఎన్నికలకు సంబంధించింది. పంచాయతీకి బాకీ ఉండి, బిల్లో నోటీసో అంది, గడువు దాటినోళ్లు పోటీకి అనర్హులని పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. మన ఊళ్లలో రిజర్వుడు సీటు వస్తే పెద్దోళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. తమ జీతగాన్ని నిలబెడతారు. సొంతంగా నిలబడే దళితుడు నామినేషన్ వేస్తే, పరిశీలన రోజున ఏళ్లనాటి ఇంటిపన్ను బయటికి తీస్తారు. ఫ్యాక్షన్ ఊళ్లలో బాంబు అక్కర్లేకుండానే కాగితంతో పని అయిపోతుంది. కాబట్టి పోటీ చేయదల్చుకున్నోళ్లు నోటిఫికేషన్ దాకా ఆగొద్దు. ముందే బాకీ తీర్చి, బాకీ లేదని కాగితం తీసుకోండి. ఆ మనిషి ఒక్కడే కట్టలేకపోతే పల్లె అంతా ఇంటికి పదో ఇరవయ్యో వేసుకుని కట్టండి. నోటీసే అందకుండా బాకీ చూపిస్తే, నోటీసు నాకు ఇచ్చిన రుజువేదని అడగండి.

చివరగా మన డిమాండ్లు. వడ్డీ మాఫీ ప్రకటించినప్పుడు వాయిదాల్లో కట్టే పేదలకూ అది వర్తించాలి. 375 అడుగుల లోపు ఇళ్లన్నిటికీ అడగకుండానే 50 రూపాయల లెక్క వేయాలి. పోరంబోకు ఇళ్లను రిజిస్టర్లో ఎక్కించాలి. వసూలు కాని పాత బాకీలు రద్దు చేయాల్సొచ్చినప్పుడు మాల మాదిగ పల్లెల నుంచి మొదలుపెట్టాలి. పింఛను, రేషన్, సర్టిఫికెట్లను పన్నుకు ముడిపెట్టే వాళ్ల మీద చర్య తీసుకోవాలి.

ఇవి అయ్యేయా అని అనుమానపడొద్దు. మొన్ననే చూసినాం. 2021లో పట్టణాల్లో చెత్త పన్ను పెట్టినారు. జనం తిట్టినారు, కట్టం అన్నారు, పార్టీలు దాన్ని ఎన్నికల మాట చేసుకున్నాయి. 2024లో రద్దయింది. మన్రోకు పావు వంతు తగ్గించడానికి 13 ఏళ్లు పట్టింది. చెత్త పన్ను మూడేళ్లలో పోయింది. అడిగినోళ్లు ఎక్కువైతే కాలం తక్కువవుతుంది.

అన్నలారా, అక్కలారా! ఈ మూడు ప్రాంతాల్లో ఒక్కో కార్యకర్త ఒక్కో పల్లె తీసుకోండి. చూరులో దోపిన నోటీసులన్నీ బయటికి తీయించండి. ఇంటింటికీ ఒక చీటీ రాయండి: పేరు, ఇంటి కొలత, బాకీ, కట్టింది, రశీదు ఉందా లేదా. మాలపల్లె లెక్క, మాదిగపల్లె లెక్క వేరు వేరుగా పోనియ్యకండి, ఒకే కట్టగా కట్టి సోమవారం అర్జీలు తీసుకునే రోజున పెట్టండి. ఒక్కని బాకీ ఆ ఒక్కని అవమానంగా మిగులుతుంది. రెండొందల ఇళ్ల బాకీ ఒక్కసారి బల్ల మీద పెడితే అది సర్కారు జవాబు చెప్పాల్సిన ప్రశ్న అవుతుంది.

జై భీమ్!